అరవై పౌన్ల బిగువు

సెప్టెంబర్ 14, ఆదివారం

రాకెట్లకి తీగ బిగించే స్ట్రింగింగ్ మెషీన్ ఇంటికి వచ్చింది. విశాఖలో ఒక స్పోర్ట్స్ షాపు మూసేస్తుంటే పట్టుకొచ్చాను. వసారాలో దేవుడి అలమర పక్కన బల్లకి బోల్టులతో బిగించాను. ఏటయ్యా ఇది, దేవుడి పక్కన మర పెడతారా అని మా ఆవిడ తాయారు సణిగింది. ఆయుధం దేవుడి పక్కనే ఉంటుంది, పటంలో ఆయన చేతుల్లోకి ఒకసారి చూడు అన్నాను.

ఇదంతా సుహాసిని కోసం. నా చెల్లెలు లక్ష్మణమ్మ కూతురు. భావనపాడులో పుట్టింది, ఇంటర్ నుంచి విజయనగరంలో మా ఇంట్లోనే ఉండి చదువుతోంది. టెన్నిస్ ఆడుతుంది. అక్టోబర్ పదకొండున విశాఖలో యూనివర్సిటీ టీమ్ సెలక్షన్. పోయినేడు ఇదే సెలక్షన్‌లో ఆఖరి మ్యాచ్ ఓడింది. నేను చూస్తూ కూర్చున్నాను. కొట్టిన బంతల్లా గీత దాటింది. చేతిలో బలం ఉంది, రాకెట్టులో నిగ్రహం లేదు. నిగ్రహం లేనిది గీత దాటుతుంది, మనసైనా బంతైనా. ఈ ముక్క నవరాత్రుల్లో వచ్చే శనివారం గజపతినగరం భజన మందిరంలో చెప్పాలి.

నాకు గురువు లేడు. శాస్త్రం సొంతంగా చదువుకున్నాను. ప్రవచనం మైకు ముందు నిలబడి నేర్చుకున్నాను. తీగ కట్టడం యూట్యూబ్‌లో చూశాను. వలలు అల్లిన వేళ్లివి, ముడి వెయ్యడం వీటికి ఎవడు నేర్పాలి?

సెప్టెంబర్ 16

మూడు రాకెట్లు బల్ల మీద పరిచాను. ఎర్రది ఆ పిల్ల పాతది. తేలిక, కొడితే ఫ్రేమ్ వంగుతుంది. నీలంది కోచ్ యుగంధర్ మాస్టారు అరువిచ్చింది. అటూ కాదు ఇటూ కాదు. నల్లది కొత్తది, గట్టిది, దెబ్బకి చలించదు. ఒక్కోదాన్నీ వేలి మీద నిలబెట్టి బ్యాలెన్స్ చూశాను. నల్లదాని తల తేలిపోతోంది. తల దగ్గర లోపలివైపు సీసం టేపు అంటించాను. ఇప్పుడు గదలా దిగుతోంది.

మొదలుపెట్టే ముందు గ్రంథం తెరిచి కళ్లు మూసుకుని వేలు పెట్టాను. ఏ పనికైనా నాకిది అలవాటు. యుద్ధపర్వాల మీద పడింది. రథచక్రం నేలలో దిగబడిపోయే ఘట్టం. బాగుంది. అవతలివాళ్ల చక్రం దిగుతుందన్నమాట.

నల్లదానికి గట్టి పాలీ తీగ వేశాను. యాభై ఆరు పౌన్లు. వేలితో మీటితే గుడిగంటలా పలికింది.

సెప్టెంబర్ 18

పొద్దున్న కాలేజీ కోర్టులో మూడూ మార్చి మార్చి ఆడించాను. ఎర్రదాంతో బంతి ఎగిరిపోయింది. నీలందాంతో సగం లోపల, సగం బయట. నల్లదాంతో ఒక్కటీ గీత దాటలేదు. ఒక్కటీ! నేను కోర్టు బయట నిలబడి గట్టిగా నామం చెప్పేశాను. బాడ్మింటన్ కుర్రాళ్లు తిరిగి చూశారు. చూడనీ.

సుహాసిని మోచెయ్యి రుద్దుకుంటూ వచ్చింది. మావా, ఇది కొడతంటే మోసెయ్యి లోపల ఝుమ్మంతన్నాది, కరెంటు కొట్టినట్టు ఉన్నాది అంది. కొలిమిలో పెట్టకుండా కత్తి ఎలా అవుతుందే అన్నాను. అప్పుడు నాను కత్తినా, ఇనపముక్కనా మావా అని నవ్వింది. నవ్వింది కదా.

సెప్టెంబర్ 19

యాభై ఎనిమిది.

సెప్టెంబర్ 22, సోమవారం

నవరాత్రులు మొదలు. పొద్దున్నే యుగంధర్ మాస్టారు ఇంటికొచ్చాడు. నల్ల రాకెట్టు తీసుకుని, అరచేతి మీద తీగల్ని తట్టి, మొహం మాడ్చాడు. ఏటండి జగన్నాధంగారూ, ఇది రాకెట్టా, లంగరు తాడా అన్నాడు. ఫ్రేమ్ గట్టిది, తీగ గట్టిది, బిగువు ఎక్కువ, పైన సీసం. దెబ్బ ఎక్కడికీ పోదు, తిన్నగా మీ సుహాసిని గుంట మోచేతిలోకే పోతాది అన్నాడు. నీలందానికి తాను మెత్తటి మల్టీ తీగ నిలువుగా, పాలీ అడ్డంగా వేసి తెచ్చాడు. యాభై పౌన్లకి దించాడట. దీంతో ఆడనివ్వండి, పది రోజుల్లో అలవాటైపోతాది అన్నాడు.

ఆడించాను. శబ్దం మద్దెలలా మెత్తగా ఉంది. సుహాసిని మొహం విచ్చుకుంది. హమ్మయ్య మావా, ఇది సెయ్యి కరవట్లేదు అంది. కానీ బంతులు బయటికి పోయాయి. నేను చూశాను. సుఖం చేతికి, నష్టం గీతకి. మెత్తదనం ఎప్పుడూ అలాగే వస్తుంది, మద్దెల వాయించుకుంటూ.

మాస్టారికి పురాణం చెప్పి పంపాను. ఆయన దణ్ణం పెట్టాడు గానీ వెటకారంగా పెట్టాడు.

సెప్టెంబర్ 27, శనివారం

గజపతినగరం ప్రవచనం. మందిరం నిండిపోయింది. బయట చెప్పుల దగ్గర కూడా కూర్చున్నారు. నిగ్రహం గురించి చెప్పాను. వదులుగా ఉన్న నారి మీద బాణం పెట్టినవాడు శత్రువుకి మిత్రుడు అన్నాను. చప్పట్లు.

తీర్థం ఇస్తున్నాను. వరసలో సుహాసిని వచ్చింది. ఎడమ చెయ్యి చాపింది! అంతమంది ముందు, ప్రవచనం చెప్పినవాడి మేనకోడలు. మెడలో మైకు ఉందని మరిచిపోయాను. కుడి చెయ్యి చాపు అని అరిచాను. మందిరం గోడలు తిరిగి అరిచాయి. పిల్ల కుడి చెయ్యి చాపింది. పోశాను. చెయ్యి వణికి తీర్థం అంతా గచ్చు మీద పడిపోయింది. ఇవాళ్టి పిల్లలకి భక్తి లేదు, అందుకే చేతులు నిలవవు అని వెనకవాళ్లకి చెప్పాను. వాళ్లు తలలూపారు.

బస్సులో సుహాసిని కిటికీవైపు తిరిగి కూర్చుంది. తాయారు దాని పక్కకి పోయి కూర్చుంది.

సెప్టెంబర్ 29

తాయారు చెబుతోంది, సుహాసిని గ్లాసు రెండు చేతుల్తో ఎత్తుతోందట. నీకేటైనా కనిపిస్తాదా అయ్యా, పుస్తకం తప్ప అంది.

అరవై.

అక్టోబర్ 1, బుధవారం

మహర్నవమి. ఆయుధపూజ. మెషీన్ తుడిచి గంధం పూశాను. మూడు రాకెట్లకీ కుంకుమ బొట్లు పెట్టి, నిమ్మకాయలు కోసి పెట్టాను. నల్లదాన్ని మధ్యలో నిలబెట్టాను. కర్పూరం వెలిగించి హారతి తిప్పుతూ నల్లదానికి దగ్గరగా తీసుకెళ్లాను.

ఠంగుమంది. తీగ తెగింది. తెగిన కొస పాములా ఎగిరి నా మణికట్టు మీద చరిచింది.

కర్పూరం సెగ తగిలింది కదయ్యా, దగ్గిరికెట్టీసేవు అంది తాయారు. స్వామి స్వీకరించాడని నేనన్నాను.

ఒక్క తీగ తెగితే మిగతావన్నీ వెంటనే కోసెయ్యాలి. లేకపోతే బిగువు ఒకవైపే లాగి ఫ్రేమ్ వంకరపోతుంది. నాకూ తెలుసు. ప్రతి వీడియోలోనూ మొదట చెప్పేది అదే. సుహాసిని లేచి, మావా, కత్తెరియ్యి బేగి, కోసీదాం అంది. కుదరదన్నాను. పూజలో కూర్చున్న ఆయుధానికి ఇనుము తగలకూడదు. రేపు దశమి పూట ఉద్వాసన చెప్పేదాకా దాన్ని కదపకూడదు. భావనపాడులో మా నాన్న నవమినాడు పడవకి చీల కూడా కొట్టేవాడు కాదు. తుఫాను కబురొచ్చినా కొట్టలేదు.

రాకెట్టు అలాగే కూర్చుంది. అప్పుడప్పుడు కిర్రుమంటోంది. బల్ల అనుకుంటాను.

అక్టోబర్ 3

నిన్నంతా వాన. ఉద్వాసన చెప్పాక తీగలు కోశాను. ఇవాళ కొత్తవి లాగాను. అరవై దగ్గర మెషీన్ హ్యాండిల్ తిప్పుతుంటే ఫ్రేమ్ మూలిగింది. మెడ దగ్గర, రెండు కొమ్మలు కలిసేచోట, కుంకుమ గీత ఒకటి కనిపించింది. తడిగుడ్డతో తుడిచాను. కుంకుమ పోయింది. గీత పోలేదు.

పెయింటు పగిలి ఉంటుంది. పైన టేపు చుట్టాను.

అక్టోబర్ 6, సోమవారం

రేపు సిరిమాను జాతర. లక్ష్మణమ్మ భావనపాడు నుంచి వచ్చింది, ఎండు నెత్తళ్ల చేపల మూటతో. గుమ్మం ఎక్కుతూనే కూతురి చెయ్యి పట్టుకుంది. బజారులో చేప మొప్ప ఎత్తి చూసినట్టు మోచెయ్యి నొక్కి చూసింది. పిల్ల మెలికలు తిరిగిపోయింది.

ఒరే అన్నియా, గుంట సెయ్యి ఇలాగైపోనాదేట్రా అంది. ఆయుధం అలవాటు పడుతోందని చెప్పాను. ఆయుదవేటి, నీ పిండాకూడేటి అని విరుచుకుపడింది. అయ్య వల కట్టినప్పుడు సూడ్లేదా నువ్వు? బిగేసి కడితే సేప గుద్దుకుని ఎనక్కి పోతాది, వొదులొగ్గితేనే పడతాది. మైకట్టుకుని అరిసి అరిసి ఇంటి పని మరిసిపోనావు అంది. తాయారు పక్కకి తిరిగి నవ్వింది.

ప్రవచనం ఎవరికైనా చెప్పొచ్చు, తోడబుట్టిన దానికి చెప్పలేం. గ్రంథం తెరిచి వేలు పెట్టాను. మళ్లీ రథచక్రం. ఆ పుట దగ్గర కుట్టు ఊడింది, అందుకే అక్కడే తెరుచుకుంటోంది.

అక్టోబర్ 7, మంగళవారం

సిరిమాను చూశాం. జనం మీద జనం. మాను కొసన పూజారి ఆకాశంలో ఊగుతున్నాడు, అందరూ అరటిపళ్లు విసురుతున్నారు. అంత పొడుగు మాను వంగుతూ లేస్తూ పోతోంది. వంగుతుంది కాబట్టే విరగదు మావా అని సుహాసిని నా చెవిలో అంది. నేను జై కొట్టాను, వినపడనట్టు.

ఎడమ చేత్తో పండు విసిరింది. అది ఎంతో దూరం పోలేదు.

అక్టోబర్ 9

ఇవాళ ప్రాక్టీసు లేదంది. విశ్రాంతి కావాలట. ఇచ్చాను.

అక్టోబర్ 10, శుక్రవారం

సాయంత్రం కిట్ బ్యాగు సర్దుతుంటే తువ్వాలు కింద నీలం రాకెట్టు దొరికింది. మద్దెల రాకెట్టు. నల్లది పైకి కనిపించేలా పెట్టి, దీన్ని అడుగున దాచింది. నాకు చెప్పకుండా దీంతోనే ఆడాలని.

అబద్ధంతో యుద్ధానికి పోతే ఆపదలో మంత్రం గుర్తురాదు. అలా పోయినవాడి చక్రమే నేలలో దిగింది.

కత్తెర దశమినాడు ఎక్కడ పెట్టానో అక్కడే ఉంది. నిలువు తీగలు కోశాను, అడ్డ తీగలు కోశాను. మెత్తగా తెగాయి, శబ్దం లేదు. ఎర్రదాన్ని అటక మీద పెట్టేశాను. సుహాసిని గుమ్మంలో నిలబడి చూస్తోంది. ఎప్పటినుంచి నిలబడిందో. ఏడవలేదు. సరేలే మావా అంది. అంతే అంది.

అక్టోబర్ 11, ఉదయం 5:30

ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సు కోసం. వాన తుంపర. తాయారు, లక్ష్మణమ్మ ఒక బెంచీ మీద. సుహాసిని ఇంకో బెంచీ మీద. నల్ల రాకెట్టు ఒళ్లో పెట్టుకుంది, పసిపిల్లని పడుకోబెట్టుకున్నట్టు. నుదుటి మీద బొట్టు పెడదామని వెళితే తల వంచింది. రాకెట్టుకీ పెట్టాను.

గెలిపించు స్వామీ. ఈ పిల్ల గెలిస్తే ఇంకేమీ అడగను.

మధ్యాహ్నం 3 గంటలు, ఆసుపత్రి వరండా

మొదటి సెట్ గెలిచింది. ఇది రాసి తీరాలి. ఒక్క బంతి గీత దాటలేదు. యుగంధర్ మాస్టారు నా పక్కకి వచ్చి, పిల్ల పళ్లు బిగబట్టి ఆడతంది, ఆపించండి అన్నాడు. చూడండి, గెలుస్తోంది అన్నాను.

రెండో సెట్, సర్వీసు. బంతి పైకి విసిరింది. రాకెట్టు వెనక్కి పోయింది, పైకి లేచింది, తగిలింది. నవమినాడు విన్న శబ్దమే, ఇంకా పెద్దగా. రాకెట్టు తల మెడ దగ్గర విరిగి, చుట్టిన టేపు మీద వేలాడింది. సీసం బరువుకి గిర్రున తిరిగి చేతిని మెలితిప్పేసింది. సుహాసిని మోకాళ్ల మీద కూలబడింది. అరవలేదు. మోచెయ్యి ఉండవలసిన వైపు లేదు.

లక్ష్మణమ్మ కోర్టులోకి చెప్పులతోనే పరిగెత్తింది.

డాక్టరు చెప్పింది ఇది. మోచేతి ఎముకల్ని పట్టి ఉంచే లిగమెంటు పీచు చాలా రోజుల కిందటే చిరగడం మొదలైందట. ఇవాళ పూర్తిగా తెగింది. ఆపరేషన్ చెయ్యాలి. టెన్నిస్ సంగతి అడిగితే, ముందు అన్నం ముద్ద నోటిదాకా వస్తే చాలు, అదే చూద్దాం అన్నాడు. ఎప్పటినుంచి ఈ చేత్తో ఏమీ పట్టుకోలేకపోతోంది అని అడిగాడు. తీర్తం కాణ్నుంచి బాబూ అని తాయారు చెప్పింది.

అక్టోబర్ 12

లక్ష్మణమ్మ కూతుర్ని భావనపాడు తీసుకుపోతానంది. నీ ఇంట్లో దేవుడున్నాడు అన్నియా, మనిసి లేడు అంది. సుహాసిని మాత్రం, అమ్మా, మావని ఏటీ అనకు, ఆ సెయ్యి నాది, నానే నోరిప్పి గట్టిగా సెప్పలేదు అంది. దీనికన్నా తిట్టుంటే బాగుండేది.

విరిగిన నల్లది ఇంటికి తెచ్చాను. టేపు ఊడదీశాను. గీత మెడ చుట్టూ తిరిగి ఉంది. కుంకుమ లోపలిదాకా దిగి ఎండిపోయింది.

గ్రంథం తెరవలేదు.

అక్టోబర్ 18

యుగంధర్ మాస్టారు ఫోన్ చేసి, మెషీన్ అమ్మేస్తారా అని అడిగాడు. తీసుకుపొమ్మన్నాను.

అక్టోబర్ 25, శనివారం

గజపతినగరం. ప్రవచనం చెప్పనన్నాను, తీర్థం మాత్రం ఇస్తానన్నాను. లక్ష్మణమ్మ కూతుర్ని ఆసుపత్రి నుంచి భావనపాడు తీసుకుపోతూ, దారి కాకపోయినా ఇటు బస్సు ఎక్కిందట. వరసలో నిలబడ్డారు. కుడి చెయ్యి కట్టులో ఉంది, దుప్పటా దాన్ని కప్పేసింది. సుహాసిని ఎడమ చెయ్యి చాపింది. పోశాను. చుక్క కూడా కింద పడలేదు.

కుడి చెయ్యి చాపు అని వెనక వరసలోంచి ఎవడో అరిచాడు. తర్వాత ఇంకొకడు. తర్వాత మందిరమంతా.