కాలికీ కడుపుకీ మధ్య

అత్తయ్యకు నమస్కారం,

నీ స్కాన్ ఇక్కడి పెద్ద డాక్టరుగారికి చూపించాను. పోయినేడు నేను పరీక్షల్లో ఉండగా నీ కాలి రక్తనాళంలో పెట్టిన గొట్టం, అదే గుడ్డ తొడుగున్న స్టెంటు, గడ్డకట్టిన రక్తంతో పూడుకుపోయిందట. పాదం చల్లబడేది అందుకే. ఆలస్యం చేస్తే కాలికే ముప్పు. పెద్ద కోత ఉండదు. చిన్న రంధ్రం చేసి, అందులోంచి సన్నని తీగ పంపి, గడ్డను కరిగించి, బుడగతో దారి తెరుస్తారు. వెంటనే రా.

నీ మేనకోడలు

తా.క. రంధ్రం ఎక్కడ చేస్తారో వచ్చాక చెబుతాను.

---

చిట్టితల్లికి దీవెనలు,

కుట్టు విప్పకుండా లైనింగు బాగుచేస్తానన్న దర్జీని నేనైతే నమ్మను. సరే, లంగాలో జారిన బొందును పిన్నీసుతో లాగమా, ఇదీ అంతే అనుకుంటాను. మిషను తొక్కాలంటే నాకూ ఆ కాలే దిక్కు. కానీ రంధ్రం ఎక్కడో చెప్పందే కదలను. గుడ్డకైనా గుర్తు పెట్టాకే కదా కత్తెర వేసేది.

మీ అత్తయ్య

తా.క. మీ మామయ్య చెవి అంటున్నాడు. పక్కింటావిడ ముక్కు అంటోంది. ఆవిడకు జలుబు లే.

---

అత్తయ్యకు,

చెవి కాదు. ముక్కూ కాదు. కాలికీ కడుపుకీ మధ్య ఒక చోటు. మామయ్య నా ఉత్తరాలు కొట్లో అందరికీ పైకి చదువుతాడు కనుక ఇంతకన్నా రాయలేను. ఇంకా వాయిదా వేస్తే కాలు దక్కదని డాక్టరుగారు నిన్న మళ్లీ హెచ్చరించారు. నాకు నిద్ర పట్టడం లేదు.

నీ మేనకోడలు

తా.క. మామయ్యను ఊహించవద్దని చెప్పు.

---

చిట్టితల్లికి,

చెప్పాను. వింటేగా. కొలతలిచ్చే వాళ్లంతా తలా ఒకటి అన్నారు. చివరికి బొడ్డు నెగ్గింది. సబ్బుతో తోముకుని రేపు బండెక్కుతున్నాను.

మీ అత్తయ్య

తా.క. బొడ్డు అని రాయడానికి ఇంత సిగ్గేమిటే. ఏం కాన్వెంటు చదువో.

---

చిట్టితల్లికి దీవెనలు,

క్షేమంగా ఇంటికి చేరాను. పాదం వెచ్చగా ఉంది. మిషను తొక్కుతుంటే మీ మామయ్య పక్కన నిలబడి కాపలా కాస్తున్నాడు.

ఒక్క మాట. పోయినేడు ఆ గొట్టం పెట్టిందీ అక్కడినుంచేనే. నాకు మొదటినుంచీ తెలుసు. ఆసుపత్రిలో నర్సు పాత మచ్చ చూసి "మళ్లీ అక్కడేనా అమ్మా" అనబోతుంటే నిన్ను కాఫీకి తరిమింది అందుకే. రావడానికి భయమేసి, వంక కోసం అడిగాను. నువ్వు ఆ మాట రాయలేక పడ్డ పాట్లు చదివి నవ్వీ నవ్వీ భయం ఎటు పోయిందో తెలియలేదు.

మీ అత్తయ్య

తా.క. గజ్జ. ఇదిగో, కార్డు మీదే రాశాను. మీ పోస్టుమాన్ ఏమన్నాడో రాయి.