కిటికీ పక్క సన్న పలక

మార్గిలాన్ నుంచి,

ఐబెక్ నాన్నగారికి, మీ మస్తూర సలాములు చేసి రాస్తున్న సంగతులు. ఇక్కడ అత్తయ్య, ఐబెక్, నేను దేవుడి దయవల్ల కులాసాగా ఉన్నాం. అల్మాతీలో టైల్స్ వేసే పనిలో మీ మోకాళ్ళ నొప్పి ఎలా ఉందో పోయిన ఉత్తరంలో రాయలేదు. ఈసారి ముందు అది రాసి, తర్వాతే మిగతావి రాయండి.

మీరు అడిగినవాటికి వరసగా జవాబులు. ఆప్రికాట్లు ఈ ఏడు బాగా కాశాయి, సగం ఎండబెట్టాం. ఐబెక్ పెళ్ళికోటు కుట్టడానికిచ్చాం. వాడికి మీ భుజాలే వచ్చాయి. దర్జీ మొదటి కొలత నమ్మక మళ్ళీ కొలుచుకున్నాడు.

మా తమ్ముడు తోహిర్ టైల్ కట్టర్ కొన్నాడా, మీరు చెప్పినట్టే చూసి కొన్నాడా అని అడిగారు. వాడికి తీరిక లేక నేనే బజారుకెళ్ళాను. మీరు రాసినట్టే సంచీలో పాత టైల్ పలకలు పట్టుకెళ్ళాను, గోడకు వేసే పల్చనిదొకటి, నేలకు వేసే మందపాటిదొకటి. కొట్టువాడు నన్ను చూసి, "అమ్మా, గిన్నెల వరస అటు," అన్నాడు.

"గిన్నెలు ఇంట్లో ఉన్నాయిలే. ఆ ఎర్ర కట్టర్ కిందికి దించు నాయనా."

పిడి పట్టుకుని పక్కకు ఊపాను. కడ్డీల మీద వదులుగా కదిలింది.

"కొత్తది కదమ్మా, వాడగా వాడగా సర్దుకుంటుంది."

"కొత్తల్లోనే ఊగేది పాతబడితే నాట్యం చేస్తుంది. ఆ లావు కడ్డీలది తియ్యి."

అది ఊగలేదు. ఇక పలక మీద గీత గీసే చక్రాల దగ్గరికొస్తే, బంగారు పూతవి చూపించి ఆ రంగునే పొగిడాడు. నేను రంగు వదిలేసి, అంచు గోటితో తడిమి, ఇరుసు మీద తిప్పి చూశాను. ఒకటి తిరుగుతూ తిరుగుతూ పట్టేసింది. వెనక్కిచ్చేశాను. పల్చని పలకకు చిన్న చక్రం, మందపాటిదానికి పెద్దది తీసుకుని, ఆ కట్టర్‌కు సరిపోతాయో లేదో అక్కడే బిగించి చూశాను. ఒక్క గీత గీసి పిడి నొక్కితే నా పలక టక్కున రెండైంది.

"ఎవరి దగ్గర నేర్చుకున్నావమ్మా?" అన్నాడు కొట్టువాడు.

"ఉత్తరాల్లో," అన్నాను.

ఇంతవరకు చదివాక మీకు అనుమానం వచ్చే ఉంటుంది. తోహిర్ కట్టర్ అడగనే లేదండీ, వాడి పేరు చెప్పి మిమ్మల్ని అడిగి రాయించుకుంది నేనే. అది మనింటికే.

పెళ్ళికూతురి తల్లి, మేనత్తలు వంటగది చూడడానికి వస్తున్నామని కబురు పెట్టారు. పొయ్యి వెనక గోడ మీరు చెక్కి వెళ్ళింది చెక్కినట్టే ఉంది. మీరు కొన్న నీలం పలకల పెట్టెలు కూడా విప్పలేదు. ఇస్మత్ మేస్త్రీని బతిమాలాను.

"టీ పొయ్యి వదినా, తాగుతా. అన్న ఇంటి గోడ మీద మాత్రం తాపీ పెట్టను. రేపు మేస్త్రీలందరూ నా మొహాన ఉమ్మేస్తారు," అన్నాడు.

ఎవరినడిగినా అదే మాట. మేస్త్రీ ఊళ్ళో లేనప్పుడు అతని ఇంటి పని ఇంకో మేస్త్రీ ముట్టడు. మీరైనా ముట్టరు. పోనీ మీకు రాద్దామంటే పని మధ్యలో వదిలేసి వచ్చేస్తారు, అలా వచ్చినవాళ్ళని మళ్ళీ పిలవరని మీరే చెప్పారు. ఆ చెక్కిన గోడే చూపిస్తే, ఊరందరి గోడలూ వేసే మనిషి ఇల్లు ఇదా అనుకుంటారు. పెళ్ళి ఆగకపోవచ్చు గానీ మీ పేరు పోతుంది. అందుకని నేనే వేశాను. నేను మేస్త్రీని కాదు కదా, నాకు అడ్డేముంది!

అత్తయ్య మంచం మీంచే అజమాయిషీ చేసింది. మొదటి వరస చూసి, "ఏమే, నా కొడుకు వేస్తే దారం పట్టినట్టుంటుంది. నీది మన వీధిలా ఉంది," అంది. ఊడదీసి మళ్ళీ వేశాను. ఒకసారి గీత సరిగ్గా పడలేదని, మీరు వద్దని రాసినా, దాని మీదే మళ్ళీ గీశాను. పలక అంచంతా పెచ్చులు లేచిపోయింది. మళ్ళీ ఆ పని చెయ్యలేదు.

నిన్న వాళ్ళు వచ్చారు. పెళ్ళికూతురి తల్లి అతుకుల మీద అరచెయ్యి ఆనించి గోడ చివరిదాకా నడిపింది. "మేస్త్రీగారు ఎప్పుడొచ్చి వెళ్ళారు?" అంది. నేను నోరు తెరిచేలోగా అత్తయ్య అందుకుంది.

"ఎక్కడికీ వెళ్ళలేదమ్మా. నీకు టీ పోస్తోంది."

ఆవిడ నా చేతులకేసి చూసి నవ్వింది. "అయితే మా పిల్లక్కూడా నేర్పు వదినా," అంది. అంతలో ఆవిడ చెయ్యి కిటికీ పక్కన ఆగింది. అక్కడ రెండు వేళ్ళ వెడల్పున గోడ ఖాళీగా ఉంది. "ఇదెందుకు వదిలేశావు?"

"అది మా ఇంటాయనది," అన్నాను.

అంత సన్న ముక్క కోస్తే విరిగిపోతూ వచ్చింది. మొన్న ఒకటి విరక్కుండా నిలిచింది. అయినా గోడకు పెట్టలేదు. కోపమొస్తే రాయండి, పడతాను. కానీ పెళ్ళికి వచ్చినప్పుడు, టీ తాగాక, ఆ ముక్క మీరే పెట్టాలి. నేను కోసింది నచ్చకపోతే మీరే ఇంకొకటి కోసుకోండి. చిన్న చక్రానికి నూనె రాసి, గుడ్డలో చుట్టి ఉంచాను.

ఇట్లు,
మీ రాకకు ఎదురుచూస్తూ,
ఐబెక్ వాళ్ళమ్మ