పిండడం మానేసిన మిషను

మంగళవారం రాత్రి, అరకు

వాషింగ్ మిషను ఉతుకుతోంది గానీ పిండడం లేదు. కోడలికి కొత్త ఆటోమేటిక్ కావాలట. మా పైపులో కొండ ఊట నీళ్లు సన్నగా వస్తాయి. ఆ ధారకు అది నిండదు. పాతదానికైతే బకెట్‌తో పోసుకోవచ్చు. నన్ను పాతకాలపు మనిషినని నలుగురిలో వెక్కిరించి ఆటోమేటిక్ కొన్న మా బావమరిది ఇప్పుడు అందులో చోళ్ల గింజలు దాచుకుంటున్నాడు. కళ్లారా చూసి వచ్చాను.

“మోటారు మార్పిద్దాం. విశాఖ నుంచి తెప్పిస్తాను” అన్నాను.

“అలాగే మామయ్యా. అదొచ్చేదాక ఈ చలిలో దుప్పట్లు ఎవులు పిండుతారు? మీరు చదువుకునే పుస్తకాలు పిండుతాయేటి?” అంది కోడలు.

నేనే పిండాను. వేళ్లు కొంకర్లు పోయి అక్షరాలు వంకరగా పడుతున్నాయి.

రేపటి బట్టల్లో ఆమె చీరలున్నాయి. మామగారు కోడలి చీరలు పిండితే ఊరంతా నవ్వుతుంది. నవ్వనీ. పెరట్లో కాదు, వీధివైపు పంపు దగ్గరే పిండుతాను.