మూడు మీటింగులూ నాలుగింటికే

అమ్మాయీ,
డ్యూటీ నుంచి రాగానే కూర్చోకుండా బడికి వచ్చెయ్. పెద్దాడి పదో క్లాసు మేడమీద, అక్కడికి నువ్వు వెళ్ళు. మూడు పేరెంట్స్ మీటింగులూ నాలుగింటికే పెట్టారు. రెండు పడవల మీద కాళ్ళంటారు, మనకు పడవలు మూడు. నేను ముందు చిన్నదాని రెండో క్లాసుకు, ఆ తర్వాత నడిమివాడి ఆరో క్లాసుకు వెళ్తాను. "తాతా, ఎగ్గొట్టావో, నీతో కటీఫ్!" అంది చిన్నది. ఇక తప్పించుకునే దారి లేదు. ఈ చీటీ అంటే పక్కింటాయన రాసిపెడుతున్నాడు, అక్కడ టీచరమ్మ ఏదైనా చేతికిచ్చి చదవమంటే అందరి ముందూ ఏం చెయ్యాలో తోచడం లేదు.
నాన్న

వరద వచ్చిన ఏడు నీ బడి మీటింగుకు డ్యూటీ వల్ల రాలేదన్నాను. అబద్ధం. ఈ భయంతోనే గేటు దాకా వచ్చి తిరిగిపోయాను. మర్నాడు పొద్దున్నే వెళ్ళి, ఊడ్చే ఆమెనడిగి, నీ బెంచీ మీద కాసేపు కూర్చుని వచ్చాను.