తల వైపు నేను

అక్కకి నమస్కారాలు.

నేను బాగానే ఉన్నాను. మా శవాల వ్యానుకే క్షణం తీరిక లేదు. ఈ మాయదారి జ్వరం ఇళ్ళకి ఇళ్ళు ఊడ్చేస్తోంది. దీనికి టీకా కనిపెట్టారట. పనిచేస్తుందో లేదో చూడ్డానికి మనుషులు కావాలంటే నేనూ, నాతోపాటు శవాలు మోసే బక్కోడూ పేర్లిచ్చి సూది వేయించుకున్నాం. సగం మందికి అసలు మందు, సగం మందికి ఉత్త ఉప్పునీళ్ళు. ఎవరికి ఏది పడిందో వేసిన డాక్టరమ్మకీ తెలియదు.

నీ తమ్ముడు

తా.క. బావకి చెప్పకు. అప్పుడే నా సైకిలు తనకిచ్చెయ్యమంటాడు.

*

తమ్ముడికి దీవెనలు.

ఏం వేసిందో వేసినావిడకే తెలియదా? ఇదేం చోద్యంరా. ఉప్పునీళ్ళకి ఆసుపత్రి దాకా పోవాలా, నా వంటింట్లో లేవూ? సిగ్గుపడకుండా అడిగి అసలుదే వేయించుకో.

మీ అక్క

తా.క. ఆయనకి నేను చెప్పలేదు. నీ ఉత్తరం నాకంటే ముందు ఆయనే విప్పారు. బ్రేకులు బాగున్నాయా అని అడగమన్నారు.

*

అక్కకి,

అడిగే పనే లేదు. సూది పడిన మర్నాడే నాకు ఒళ్ళు కాలిపోయింది. అసలు మందైతేనే అలా అవుతుందని మా వ్యాను డ్రైవరు తేల్చేశాడు. బక్కోడికి చీమ కుట్టినట్టయినా లేదు. తనవి ఉప్పునీళ్ళేనని పాపం మొహం వేలాడేశాడు. వాడికి చంటిపిల్ల ఉంది. అందుకే శవాన్ని ఎత్తేటప్పుడు తల వైపు నేనే పడుతున్నాను. నోట్లోంచి కారేదంతా అటే కదా. చేతితొడుగులు చాలడం లేదు, నావీ వాడికే ఇస్తున్నా. తొడుగులు తీయొద్దని డాక్టరమ్మ ఒకటే నస.

నీ తమ్ముడు

తా.క. బక్కోడు నన్నిప్పుడు దొరగారూ అంటున్నాడు.

*

ఒరే తమ్ముడూ,

ఒళ్ళు కాలిందా? నీకు ఎక్కించింది మందు కాదురా, రోగమే. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచాయి. వీధంతా చెప్పాను. పక్కింటావిడ అప్పుడే పరామర్శకి వచ్చి వెళ్ళింది. పని మానేసి వచ్చెయ్. పుట్టింటి తరఫున నాకు మిగిలింది నువ్వొక్కడివే.

మీ అక్క

తా.క. బస్సులో రా. సైకిలు మీద వస్తే ఈయన నిన్ను వదిలేసి దాన్ని పలకరిస్తారు.

*

అక్కకి,

ఇది నేను చెబుతుంటే బక్కోడు గుమ్మం దగ్గర నిలబడి రాస్తున్నాడు. కంగారు పడకు. జ్వరం తగిలింది, ఆసుపత్రిలో ఉన్నాను. మందు పడ్డ ఒంటికి ఇదో లెక్కా? నాలుగు రోజుల్లో లేచి వచ్చేస్తా. పక్కింటావిణ్ణి తొందరపడొద్దని చెప్పు.

నీ తమ్ముడు

తా.క. అక్కా, నేను బక్కోణ్ణి. పైదంతా నిన్న రాయించాడు. పొద్దున అన్న పోయాడు. ఆయనకి వేసింది ఉప్పునీళ్ళేనని డాక్టరమ్మ ఇప్పుడు చెప్పింది. అప్పటి జ్వరం మామూలు జ్వరమేనట. మందు పడింది నాకు. జబ్బు పడ్డవాళ్ళలో దాదాపు అందరూ ఉప్పునీళ్ళ వాళ్ళే కాబట్టి టీకా పనిచేస్తోందని తేలిందట. త్వరలో మీ ఊరికీ పంపుతారు, తప్పకుండా వేయించుకోండి. నిన్న ఉత్తరం అయ్యాక మంచినీళ్ళిద్దామని లోపలికి అడుగు పెట్టబోయాను. “నీవి ఉప్పునీళ్ళురా వెధవా, బయటికి పో” అని తిట్టాడు. మళ్ళీ మాట్లాడలేదు.