తుడిస్తే పోయిన నంబరు

కామారెడ్డి

యాస్మీన్,

కాలేజీ ఆంప్లిఫయర్ నా అజ్ఞానం వల్లే కాలిపోయిందన్నది మన ఎలక్ట్రానిక్స్ క్లబ్ నాపై మోపిన అభియోగం. ఈ జవాబును అందరి ముందూ చదువు.

ఎల్లారెడ్డిలోని మీ ఎజాజ్ అన్న దుకాణం నుంచి వచ్చిన తుక్కు సరుకులో గుర్తు తెలియని ట్రాన్సిస్టర్లను పక్కన పెట్టి, నంబరున్నదాన్నే ఆంప్లిఫయర్‌లో బిగించాను. అది కాలిపోయాక నెయిల్ పాలిష్ రిమూవర్‌తో తుడిస్తే నంబరు చెరిగిపోయింది; అసలైనదైతే చెరగదు. నాసిరకం దానిపై పాత అక్షరాలు గీకేసి, కొత్త నంబరు అచ్చు వేశారు. ఆ పరీక్ష నాకు నేర్పింది నువ్వే. చెరిగిన నంబరు చూసి, "ఎవ్వలికి చెప్పకే, మా అన్న ఇజ్జత్ పోతది" అని నా చెయ్యి పట్టుకున్నావు. నేను మాట నిలుపుకున్నాను. నిన్నటి సభలో మాత్రం "గీమెకు పార్టులు గుర్తువట్టుడే రాదు" అని అందరికంటే ముందు నవ్వావు. ఆ నవ్వుకే ఈ జవాబు రాస్తున్నాను.

సభ్యులారా, అవే నంబర్లున్న ట్రాన్సిస్టర్లు ఇంకా ఆ తుక్కు సరుకు పొట్లంలో ఉన్నాయి. తీర్పు చెప్పే ముందు ఒకదాన్ని యాస్మీన్ చేతనే తుడిపించండి.