ముందు గది గోడ మీది ఎర్ర గీత

సిరొంచ,
తేదీ 9-3-1987

శ్రీయుత తహశీల్దారు గారి సముఖమునకు, నది వైపు వాడలో సొంత ఇల్లు గలిగి, కలప డిపోలో కొలతలు రాయు గుమాస్తా రాజలింగు, వయస్సు 46, వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: నా ఇంటి గోడ మీద సర్కారు వారు వేసిన వరద గీతను చెరిపించుట, అప్పు కంటే తక్కువ ధర పలుకుతున్న సదరు ఇంటిని అమ్ముకొనుటకు దారి చూపుట గురించి.

1. గృహ సహకార సంఘం నుండి ముప్పై వేలు అప్పు తీసుకొని 1983లో సదరు ఇల్లు కట్టుకొన్నాను. కట్టక ముందు ప్రాణహిత ఒడ్డు నుండి పునాది ఎత్తు ఎంతో నేనే కొలిచినాను. పందొమ్మిది అడుగులు. ఆ కొలతను అప్పు దరఖాస్తులో రాసినాను. సంఘం వారు నమ్మినారు. నేనూ నమ్మినాను.

2. గత ఆగస్టు వరదలో నీరు ఇంట్లోకి వచ్చినది. ఆ ఉదయం దుంగలు కొట్టుకుపోకుండా గొలుసులు వేయుటకు పిలుపు రాగా నేను డిపోకు వెళ్లినాను. భార్య మల్లక్క ఆష్టిలో పుట్టింట ఉన్నది. ఇంట్లో మా అమ్మ నర్సక్క ఒక్కతే ఉన్నది. ఆమెను మరునాడు ముందు గదిలోనే కనుగొన్నాము. తదుపరి సర్కారు మనుషులు వచ్చి, నీరు ఎక్కిన ఎత్తున ఆ గది గోడకు ఎర్ర గీత వేసి తేదీ రాసినారు. గీత నేల నుండి ఐదు అడుగుల రెండు అంగుళాలు. మా అమ్మ ఎత్తు నాలుగు అడుగుల ఎనిమిది. రెండవ కొలత ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

3. నాటి నుండి మల్లక్క ఆ ఇంట్లో కాలు పెట్టదు. మిట్ట మీద నెలకు అరవై రూపాయల కిరాయి గదిలో ఉంటున్నాము. కిరాయీ, కిస్తూ రెండూ కడుతున్నాను.

4. ఇల్లు అమ్మజూపగా ముగ్గురు వచ్చినారు. ముగ్గురూ వంటగది వరకు కూడా రాలేదు, గీత చూసి ఆగినారు. అందరిలోకి ఎక్కువ చెప్పినది కిరాణా వ్యాపారి ఎల్లన్న, పదిహేను వేలు. సంఘానికి నా బాకీ ఇరవై ఏడు వేల నాలుగు వందలు. బాకీ మొత్తం తీరితే తప్ప అమ్మకానికి కాగితం ఇవ్వరు. అనగా పన్నెండు వేల నాలుగు వందలు నా చేతి నుండి పెట్టి నా ఇంటిని వదిలించుకోవలెను. ఆ సొమ్ము నా వద్ద లేదు.

5. అమ్మలేనిచో మిగిలిన బాకీని పన్నెండేళ్లకు తిరగరాయుటకు సంఘం వారు ఒప్పుకొన్నారు. వడ్డీ రెండు విధములు. పన్నెండున్నర శాతం స్థిరముగా, నెలకు 368 రూపాయలు. లేదా ప్రస్తుతానికి పదిన్నర శాతం, నెలకు 335, ఏటేటా ఏప్రిల్‌లో వారు నిర్ణయించినట్లు మారును. ఈ నెలాఖరులోగా ఒకటి ఎంచుకోవలెను. పన్నెండేళ్లు నిండిన నెలలోనే నా ఉద్యోగమూ ముగియును. మునిగిన ఇంటికి కొంత మాఫీ ఉండదా అని అడుగగా కార్యదర్శి ఆదయ్య ఇట్లు సెలవిచ్చినారు: “ఇల్లు మునిగితే వడ్డీ మునుగుతదా రాజలింగు? స్థిరమా, మారేదా, జర జల్ది చెప్పు.”

6. గీత మీద సున్నం కొట్టుకొమ్మని కూడా వారే సలహా ఇచ్చినారు. గీత సర్కారుది గనుక నేను ముట్టలేదు. తామే చెరిపించినచో ఇల్లు బాకీకి సరిపడు ధర పలుకగలదు. ఇదే నా ప్రార్థన.

తమ కచేరీ భాషయైన మరాఠీలో నకలు జతపరచినాను. రెంటికీ తేడా వచ్చినచో ఈ తెలుగు ప్రతినే పరిగణించి, కొలతలు సరిచూసుకొని చిత్తగించవలెను.

తమ విధేయుడు,
రాజలింగు

తా.క. (14వ తేదీ) అర్జీ ఇంకా దాఖలు చేయలేదు. నిన్న జిమల్‌గట్ట నుండి దేవక్క అనే ఆమె ఇల్లు చూడవచ్చింది. ఆశ్రమశాలలో వంట చేసి కూడబెట్టిన డబ్బు. కూతురు చనిపోయింది, ఇద్దరు మనుమరాళ్లను ఇక్కడి బడిలో వేయాలట. ఆమె వచ్చేసరికి నేను గీతకు అడ్డంగా నులక మంచం నిలబెట్టి ఉంచినాను. సున్నం కొట్టలేదు, మంచమే పెట్టినాను. ఇరవై ఏడు వేలకు బేరం కుదిరింది. తక్కువైన నాలుగు వందలకు, గడప బయటే నిలబడ్డ మల్లక్క తన వెండి కడియాలు తీసి నా చేతికిచ్చింది.

దేవక్క ముందు గదిలో నిలబడి, “పోరగాండ్లు ఈ అర్రల పంటరు అన్నా. నది ఇంత దూరం రాదు గదా?” అన్నది.

ఆగస్టులో డిపోకు పోతుంటే మా అమ్మ కూడా ఇదే అడిగింది. పందొమ్మిది అడుగులు, రాదు అని చెప్పి పోయినాను.

మంచం పక్కకు జరిపినాను. దేవక్క గీత చూసింది, ఆ తేదీ దేనిదని అడిగింది. చెప్పినాను. మా అమ్మ సంగతీ చెప్పినాను. ఆమె, “నువ్వు చెప్పకుంటే కొందును అన్నా,” అన్నది. తెలుసన్నాను. మధ్యాహ్నం బస్సుకు వెళ్లిపోయింది. మల్లక్క కడియాలు అడిగి తీసుకొని తొడుక్కున్నది.

వడ్డీ స్థిరమైనదే రాసిచ్చినాను. ఆరవ అంశం వాపసు తీసుకుంటున్నాను. గీత రంగు పల్చబడుతున్నది. మనుషులను పంపి మళ్లీ వేయించండి. ఈసారి బయటి గోడకు కూడా వేయించండి, మంచం అడ్డం పెట్టినా దాగని చోట.